గిర్రున తిరగడం ఆగింది, తూలడం ఆగలేదు: అత్తగారికి నాలుగు నెలలుగా ఇదే

సీతమ్మధార_కోడలు:

నమస్తే అండీ. మా అత్తగారికి 61 ఏళ్ళు. షుగరు వచ్చి 12 ఏళ్ళు, బీపీకి టెల్మిసార్టన్ 40 వాడతారు. సెప్టెంబరులో ఒకరోజు తెల్లవారుజామున కుడివైపు ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగి వాంతులయ్యాయి. ఈఎన్‌టీ డాక్టరు తల వేలాడదీసి పరీక్ష చేసి, కుడి చెవిలో రాళ్ళు కదిలాయన్నారు. వారం తేడాతో రెండుసార్లు ఎప్లీ (తలని వరసగా తిప్పుతూ ఆ రాళ్ళని వాటి చోటికి చేర్చే పద్ధతి) చేశారు. ఆ తిరుగుడు మళ్ళీ రాలేదు.

ఇప్పుడున్నది వేరు. "గది తిరగట్లేదమ్మా, నేనే పడవలో నిల్చున్నట్టుంది" అంటారు. పడుకుంటే ఉండదు, కూర్చుంటే తక్కువ, నిలబడితే ఎక్కువ. ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్తే పది నిమిషాల్లో నా చెయ్యి పట్టేసుకుంటారు. గళ్ళ టైల్స్ మీద నడిచినా, ఫోన్‌లో వీడియోలు పైకి తోస్తూ చూసినా దిమ్మెక్కుతుంది. మెదడు ఎంఆర్ఐ మామూలుగానే ఉంది. మెడ ఎక్స్‌రేలో అరుగుదల ఉందని వేరేచోట పట్టీ ఇచ్చారు, అది రోజంతా వేసుకునే ఉంటున్నారు. మందులు: బీటాహిస్టిన్ 16 మూడు పూటలా, రాత్రి సిన్నరిజిన్–డైమెన్‌హైడ్రినేట్ కలిపిన బిళ్ళ. ఇవి నాలుగు నెలలుగా ఆగలేదు.

అడగాలనుకున్నవి మూడు. ఇంట్లో ఎప్లీ మళ్ళీ చెయ్యొచ్చా? మెడ పట్టీ ఉంచాలా? ఏప్రిల్లో సింహాచలం చందనోత్సవానికి క్యూలో నిలబడగలరా? ఆవిడకి మూడోదే ముఖ్యం.

ఫిజియో_మద్దిలపాలెం:

ముందు ఒక ముడి విప్పాలి. సెప్టెంబరులో వచ్చిందీ ఇప్పుడున్నదీ ఒకే జబ్బు కాదు. మొదటిదానికి చేసిన వైద్యాన్ని రెండోదానికి సాగదీయడం వల్లే నాలుగు నెలలు గడిచాయి.

లోపలి చెవిలో యూట్రికిల్ అనే చిన్న సంచి ఉంటుంది. అందులో కాల్షియం కార్బొనేట్ పలుకులుంటాయి. అవి ఊడి అర్ధవలయ నాళంలోకి, ఎక్కువమందిలో వెనక నాళంలోకి, జారితే తల వాల్చినప్పుడల్లా దొర్లుతూ అక్కడి ద్రవాన్ని తోస్తాయి. ఒళ్ళు తిరుగుతోందని మెదడు అనుకుంటుంది. పలుకులు అడుక్కి చేరగానే, నిమిషంలోపు, ఆగిపోతుంది. కాబట్టి రోజంతా ఉండే దిమ్ము రాళ్ళ పని కాదు. పడుకుంటే పోయి నిలబడితే పెరిగేది అసలే కాదు. రాళ్ళ జబ్బు దీనికి తలకిందులు, పడుకునేటప్పుడూ ఒత్తిగిలేటప్పుడే వస్తుంది.

ఇప్పుడు మీరు చెప్పిన లక్షణాలు పీపీపీడీ అనే స్థితికి దగ్గరగా ఉన్నాయి. పూర్తి పేరు పర్సిస్టెంట్ పోశ్చురల్ పర్సెప్చువల్ డిజినెస్. తల తిరుగుడు జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం బరానీ సొసైటీ 2017లో దీనికి కొలమానాలు ప్రకటించింది: మూడు నెలలు, అంతకుమించి, చాలా రోజుల్లో తూలుడో దిమ్మో ఉండాలి, నిలబడినా, కదిలినా, కళ్ళ ముందు గజిబిజి ఉన్నా పెరగాలి, మొదట ఏదో ఒక దెబ్బతో (ఈవిడకి రాళ్ళ తిరుగుడు లాంటిది) మొదలై ఉండాలి. ఆ పేరు పెట్టాల్సింది చూసిన డాక్టరే, నేను కాదు.

ఎందుకు వస్తుందంటే, మనిషి నిలబడటానికి మెదడు మూడు చోట్ల వాకబు చేస్తుంది: చెవి, కళ్ళు, అరికాళ్ళు. చెవి ఒకసారి దారుణంగా అబద్ధం చెప్పాక మెదడు దాన్ని నమ్మడం మానేసి కళ్ళ మీద ఆనుకుంటుంది. చెవి బాగుపడ్డాక కూడా ఆ అలవాటు పోదు. రైతు బజారులో జనం, బుట్టలు, ఆటోలు అన్నీ కదులుతుంటే ఆ కదలికంతా తనదే అనుకుంటుంది. దానికితోడు, నెత్తిన నీళ్ళబిందె పెట్టుకున్నట్టు మెడ బిగబట్టి నడుస్తారు. మెడ బిగిస్తే చెవికి పని ఉండదు, పని లేకపోతే దాని మీద నమ్మకం తిరిగి రాదు.

అందుకే ఆ పట్టీ తీయించాలి. అరవై దాటినవాళ్ళ మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనబడటం తల నెరిసినంత మామూలు. చెయ్యి తిమ్మిరి, చేతుల్లో బలం తగ్గడం లాంటివి ఉంటే ఆ సంగతి వేరు, చూపించాలి. లేకపోతే ఆ పట్టీ బిందె మీద ఇంకో బిందె.

ఒక మినహాయింపు మాత్రం చెప్పుకోవాలి. షుగరు 12 ఏళ్ళంటే అరికాళ్ళ స్పర్శ కూడా తగ్గి ఉండొచ్చు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో (కంపనం తెలుస్తోందా అని చూసే లోహపు ఫోర్కు), 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (చర్మానికి ఆనించి చూసే సన్నటి నైలాన్ పోగు) పాదాలు పరీక్ష చేయించండి, ఐదు నిమిషాల పని. స్పర్శ లేకపోతే చీకట్లో తూలడానికి అదే కారణం కావచ్చు, వ్యాయామాలు కూడా అందుకు తగ్గట్టు మార్చాలి.

పెదవాల్తేరు_పీజీ:

పైన చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. ఎప్లీ సంగతి వరకు రాస్తాను.

ఎప్లీ చెయ్యాలంటే ముందు డిక్స్–హాల్‌పైక్ పరీక్షలో కంటి కదలిక కనబడాలి. తల 45 డిగ్రీలు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తల 20 డిగ్రీలు కిందికి వాలిస్తే కొన్ని సెకన్లు ఆగి కనుగుడ్లు పైకి కొట్టుకుంటూ కింది చెవివైపు మెలితిరుగుతాయి, నిమిషంలోపు సద్దుమణుగుతాయి. అది లేకుండా "ఎందుకైనా మంచిది, ఒకసారి చేద్దాం" అనుకుంటే లాభం లేదు, ఆవిడకి భయం మాత్రం పెరుగుతుంది. ఇప్పుడు అక్కర్లేదు.

కానీ ఈ రాళ్ళు చాలామందికి మళ్ళీ కదులుతాయి కాబట్టి పద్ధతి తెలిసుంటే మంచిది, కుడి చెవికి ఇలా. తిన్నాక రెండు గంటలైనా ఆగాలి. కుంగని మంచం కావాలి. బాగా మెత్తబడిన పరుపు మీద భుజాలు దిగబడి తల వాలదు. దిండు తల కిందకి కాదు, పడుకుంటే భుజాల కిందకి రావాలి. కాళ్ళు చాపి కూర్చుని తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, వెనక్కి పడుకోవాలి, తల దిండు దాటి వాలాలి. తిరుగుడు ఆగాక ఇంకో 30 సెకన్లు. తల ఎత్తకుండా ఎడమకి 90 డిగ్రీలు, 30 నుంచి 60 సెకన్లు. అక్కడి నుంచి ఎడమ భుజం మీదికి పూర్తిగా ఒత్తిగిలి, ముక్కు నేలకేసి చూసేలా, మళ్ళీ అంతే సేపు. చివరికి గడ్డం ఎదకి ఆనించి, కాళ్ళు ఎడమ పక్కకి దించి లేవాలి. ఇంకొకరు వెనక ఉండి తల పట్టుకోవాలి. లేచిన క్షణంలో వెనక్కి పడిపోయేవాళ్ళున్నారు.

తప్పులు ఎక్కువగా రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకి మారేటప్పుడు జరుగుతాయి. తిప్పుతూ తల పైకెత్తేస్తారు, పలుకులు వచ్చిన దారినే వెనక్కి జారతాయి. మూడో మెట్టులో ముక్కు గోడవైపు ఉండిపోవడం ఇంకో తప్పు. ఎదుటిమనిషి వీడియో తిరగేసి చూపిస్తుంటే కుడి, ఎడమ తారుమారై తప్పు చెవికి చేసేవాళ్ళూ ఉన్నారు. చేశాక ఏ పక్కకి ఒత్తిగిలినా విపరీతంగా తిరుగుతుంటే పలుకులు పక్క నాళంలోకి మారాయని అనుమానించాలి. అప్పుడు ఎప్లీ పనిచెయ్యదు, దానికి దొర్లించే పద్ధతి వేరే ఉంది, ఆసుపత్రికే రావాలి. చేశాక రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలన్న పాత నియమం అవసరం లేదు. మెడకి ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, రెటీనా ఊడినవాళ్ళు ఇంట్లో అసలు ప్రయత్నించకూడదు.

ఈసారి తిరుగుడు వస్తే ఒక పని చేయండి: ఫ్యాన్ ఆపి, లైటు వేసి, ఫోన్‌తో కళ్ళకి దగ్గరగా అరనిమిషం వీడియో తీయండి. ఆసుపత్రికి వచ్చేసరికి కళ్ళు మామూలుగా ఉంటాయి, ఆ వీడియో ఉంటే సగం పరీక్ష అయినట్టే.

ఇంకొకటి. తిరుగుడుతో పాటు రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, ఒక పక్క బలహీనత, ముఖం వంకర, ఎప్పుడూ లేనంత తలనొప్పి, హఠాత్తుగా ఒక చెవి వినబడకపోవడం, పట్టుకున్నా నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా బిళ్ళ వేసి పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేసి, కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) కానీ స్ట్రోక్ చూసే మరో పెద్దాసుపత్రి కానీ, వెంటనే చేరాలి. సీటీ స్కాన్ బాగుందని ధీమా పడటం కూడా తప్పే, చిన్నమెదడు స్ట్రోకు మొదటి గంటల్లో సీటీకి దొరక్కపోవచ్చు.

కంచరపాలెం_62:

ఇదంతా పైత్యం. అల్లం రసం, నిమ్మరసం, తేనె కలిపి పరగడుపున ఇవ్వండి. పచ్చళ్ళు, ఉప్పుచేప బంద్ చెయ్యండి. నెలలో లేచి తిరుగుతారు.

మందులషాపు_గాజువాక:

అల్లం వికారానికి కొంత పనిచేస్తుంది, తూలుడుకి కాదు. తేనె సంగతి షుగరు ఉన్నావిడకి వేరే చెప్పక్కర్లేదు. ఉప్పు గురించి ఒక మాట, ఎందుకంటే ఈ సలహా ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది. సోడియం రోజుకి 1500 నుంచి 2000 మిల్లీగ్రాములకి తగ్గించమని చెప్పేది మెనియర్ జబ్బుకి. అందులో ఒక చెవిలో హోరు, బరువు, వినికిడి తగ్గడం, వీటితో పాటు 20 నిమిషాల నుంచి గంటల తరబడి తిరుగుడు ఉంటాయి. ఈవిడకి అవేవీ లేవు. బీపీకి ఎంత తినమన్నారో అంతే తినాలి. మన విశాఖ ఉక్కపోతలో చెమట ఓడుతూ, ఉప్పు పూర్తిగా మానేసి, పైగా నీళ్ళ బిళ్ళ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) వేసుకునేవాళ్ళు మే నెలలో లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతారు.

ఇక మందులు. సిన్నరిజిన్, డైమెన్‌హైడ్రినేట్, ప్రోక్లోర్‌పెరజిన్, ఇవన్నీ చెవి నుంచి వచ్చే సంకేతాన్నో, వాంతినో అణిచే రకం. వాంతులయ్యే మొదటి రెండు మూడు రోజులకి వరం. నెలల తరబడి వేస్తే మెదడు సర్దుకోవడాన్నే అడ్డుకుంటాయి. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ మెదడులో కదలికలకి అవసరమైన డోపమిన్ అనే రసాయనాన్నీ అడ్డుకుంటాయి కాబట్టి పెద్దవాళ్ళలో చేతి వణుకు, అడుగు చిన్నదవడం, నడక మందగించడం రావచ్చు. అది చూసి "వర్టిగో ముదిరింది" అని ఇంకో బిళ్ళ కలుపుతారు. షాపులో పాత చీటీ చూపించి అదే మందు ఏడాది పాటు కొనుక్కెళ్ళేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. బీటాహిస్టిన్ ఈ జాతి కాదు, అంత మత్తు ఉండదు, సర్దుబాటుకి అడ్డం రాదు. కానీ అది ప్రధానంగా మెనియర్ కోసం వచ్చిన మందు. ఉబ్బసం, కడుపులో పుండు ఉంటే జాగ్రత్త. ఏది ఎప్పుడు ఆపాలో రాసిన డాక్టరుతోనే తేల్చుకోండి, "ఎన్నాళ్ళు వాడాలి?" అని సూటిగా అడగండి.

పీపీపీడీ అని తేలితే సెర్ట్రలిన్ లాంటివి తక్కువ మోతాదులో మొదలుపెట్టి చూస్తారు. అది పిచ్చి మందు కాదు, "మీరంతా ఊహించుకుంటున్నారు" అనడమూ కాదు. మొదటి వారం పదిరోజుల్లో కాస్త కలవరం, వికారం ఉండొచ్చు. ఫలితం తెలియాలంటే వారాలు పడుతుంది. సొంతంగా మొదలుపెట్టకూడదు, ఒక్కసారిగా ఆపకూడదు.

ఇంట్లో రెండు కొలతలు తీసి రాయండి. ఐదు నిమిషాలు పడుకున్నాక బీపీ, నిలబడ్డ ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్ళీ బీపీ. పై సంఖ్య 20 కానీ కింది సంఖ్య 10 కానీ పడిపోతే అది చెవి సంగతి కాదు, బీపీ మందో, ఒంట్లో నీళ్ళు తగ్గడమో, షుగరు వల్ల నరాలు దెబ్బతినడమో కారణం కావచ్చు. రెండోది, బాగా దిమ్ముగా ఉన్న క్షణంలో గ్లూకోమీటర్. 70 లోపు ఉంటే ముందు పంచదార, తర్వాతే మిగతా చర్చ.

సీతమ్మధార_కోడలు:

అందరికీ ధన్యవాదాలు. సంక్రాంతి హడావుడి అయ్యాక కొలిచాను. పడుకుని 142/84, నిలబడి ఒకటో నిమిషం 130/80, మూడో నిమిషం 132/82. దిమ్ముగా ఉన్నప్పుడు షుగరు 136. డాక్టరుగారు మళ్ళీ తల వాల్చి చూశారు, రాళ్ళు లేవన్నారు. రాత్రి బిళ్ళ ఆపేశారు, పట్టీ తీసేయమన్నారు, పీపీపీడీ అని రాశారు. పాదాల స్పర్శ కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. బిళ్ళ ఆపిన మూడు రోజులు దిమ్ము కాస్త ఎక్కువైంది, అది మామూలేనా? వ్యాయామం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫిజియో_మద్దిలపాలెం:

మామూలే. అణిచిపెట్టిన సంకేతం తిరిగి వస్తోంది. వారం దాటినా పెరుగుతూనే ఉంటే మాత్రం డాక్టరుకి చెప్పండి. బీపీ పై సంఖ్యలో తేడా 12, 10 మాత్రమే, 20కి లోపే, కింది సంఖ్యలో 4, 2 మాత్రమే, 10కి లోపే, ఆ అనుమానం పక్కన పెట్టొచ్చు.

చూపు నిలిపే వ్యాయామంతో మొదలుపెట్టండి. తెల్ల కాగితం మీద రెండు సెంటీమీటర్ల ఎత్తున "అ" అని నల్లగా రాసి, ఉత్త గోడకి కంటి ఎత్తులో అతికించండి. మీటరు దూరంలో కుర్చీ. చూపు అక్షరం మీదే, తల మాత్రం కుడికి, ఎడమకి 20 డిగ్రీలు, "కాదు కాదు" అన్నట్టు. 30 సెకన్లు, నిమిషం విరామం, తర్వాత పైకీ కిందకీ 30 సెకన్లు. ఫోన్‌లో మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి ప్రతి టిక్కుకి ఒక పక్క. అక్షరం స్పష్టంగా ఉన్నంతవరకే వేగం, మసకబారితే తగ్గించాలి. వేగంగా ఊపి అక్షరం చెదిరినా పట్టించుకోకపోవడమే చాలామంది చేసే తప్పు, అప్పుడు మెదడు ఏమీ నేర్చుకోదు. బైఫోకల్ కళ్ళద్దాలైతే తీసేసి చేయాలి, గీత అడ్డం వస్తుంది. రోజుకి నాలుగుసార్లు, మొత్తం కలిపి మెల్లగా 20 నిమిషాలకి తేవాలి. కుర్చీ తర్వాత నిలబడి, తర్వాత కాళ్ళు దగ్గరగా పెట్టి. అది తేలికయ్యాక అక్షరం వెనక గళ్ళ దుప్పటి వేలాడదీయండి. రైతు బజారు గజిబిజి ఇంట్లోకి వచ్చినట్టే.

మోతాదుకి కొలత ఇది. మొదలుపెట్టకముందు దిమ్ముకి పదికి ఎంత అని అడగండి. వ్యాయామంతో రెండు మూడు పెరగాలి, 15–20 నిమిషాల్లో మొదటి అంకెకి దిగాలి. అసలు పెరగకపోతే సరిపోవట్లేదు. సాయంత్రం దాకా దిగకపోతే ఎక్కువైంది, మర్నాడు సగానికి తగ్గించాలి, మానకూడదు. ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు: బాగున్న రోజు గంట చేసి, బాగాలేని రోజు మంచం దిగరు. రెండు రోజులూ ఒకే మోతాదు ఉండాలి. తేడా కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

నిలకడకి, గదిమూలన వీపు గోడలకి దగ్గరగా, ఎదురుగా బరువైన కుర్చీ. కాళ్ళు కలిపి 30 సెకన్లు కళ్ళు తెరిచి, తర్వాత మూసి. పాదాల స్పర్శ తగ్గింది కాబట్టి మెత్తటి దిండు మీద నిలబడటం ఇప్పుడే వద్దు, వట్టికాళ్ళతో గట్టి నేల మీదే.

ఇంట్లో పడిపోయే చోటు స్నానాలగది. చెంబుతో తలమీద నీళ్ళు పోసుకుంటూ కళ్ళు మూసుకోవడం, సబ్బు నీళ్ళు, తడి నేల, మూడూ ఒకేసారి. స్టూలు వేసి కూర్చునే స్నానం, గోడకి పట్టుకునే కడ్డీ, రబ్బరు పట్టా. రాత్రి బాత్రూముకి దారిలో చిన్న బల్బు. స్కూటర్ మీద ఒకపక్కకి కాళ్ళు వేసి కూర్చోవద్దు, రోడ్డంతా అడ్డంగా పరిగెడుతున్నట్టుంటుంది. ఆటోలో అయితే దూరంగా చూడాలి, ఫోన్ చూడకూడదు.

వ్యాయామం మూడో వారానికి బయటకి తీసుకెళ్ళండి. బీచ్ రోడ్డులో పొద్దున్నే ఫుట్‌పాత్ మీద పది నిమిషాలు, చూపు సముద్రం అంచున గీత మీద. ఆ గీత కదలదు. పాదాల దగ్గర వెనక్కి పోయే అలని చూడొద్దు, మామూలు మనిషికే నేల జారుతున్నట్టుంటుంది. నడుస్తూ కుడికి ఎడమకి చూడటం తర్వాత. ఇసుకలో నడక ఆఖరున, పాదాలు కొంచెం తేరుకున్నాక, మీరు పక్కన ఉండగా. రైతు బజారుకి రద్దీ తగ్గే వేళ, మొదట గేటు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి ఒకే బోర్డుని చూసి వచ్చేయడం. తర్వాత ఒక వరస, ఆ తర్వాత రెండు. చెయ్యి గట్టిగా పట్టుకోనివ్వకండి, మీ మోచేతి మీద రెండు వేళ్ళు ఆనిస్తే చాలు. వేళ్ళకి తగిలే ఆ కొద్దిపాటి ఆధారమే మెదడుకి నేల ఎక్కడుందో చెబుతుంది, గట్టిగా పట్టుకుంటే మళ్ళీ బిందె ఎత్తినట్టే.

సీతమ్మధార_కోడలు:

చందనోత్సవం మాట చెప్పలేదు! స్వామి నిజరూపం ఏడాదికి ఒక్కసారే కదా, ఆవిడ దాని కోసమే ఈ వ్యాయామాలన్నీ చేస్తానంటున్నారు. దాని తర్వాత గిరి ప్రదక్షిణ కూడా అంటున్నారు.

ఫిజియో_మద్దిలపాలెం:

గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చాలా భాగం రాత్రి చీకట్లో, జనంలో. పాదాల స్పర్శ తగ్గినావిడకి ఈ ఏడాది వద్దని నా అభిప్రాయం. చందనోత్సవం వేరు, ప్రయత్నించొచ్చు. కానీ అక్కడ నడక కష్టం కాదు, కదలకుండా నిలబడటం కష్టం. ఈ జబ్బులో నడకకన్నా నిలుపే ఎక్కువ బాధిస్తుంది, పైగా క్యూలో ముందు మనిషి వీపు తప్ప దూరం చూడటానికి ఏమీ ఉండదు.

కాబట్టి మార్చి నుంచి నిలబడటం అభ్యాసం చేయించండి. వంటింట్లో ఐదు నిమిషాలతో మొదలుపెట్టి రోజు విడిచి రోజు రెండేసి నిమిషాలు పెంచుతూ పోండి. ఇరవై దాటాక ఏదైనా మామూలు శనివారం సింహాచలంలో చిన్న క్యూలో ఒకసారి నిలబెట్టి చూడండి. నిలబడ్డప్పుడు మోకాళ్ళు బిగించకూడదు. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుతూ, మధ్యమధ్య మడమలు పైకెత్తి దించాలి. కొండ మీదికి బస్సులో, ముందు సీటులో. మెట్లదారి ఎక్కడం పర్వాలేదు కానీ దిగడం వద్దు, కిందికి చూస్తూ దిగేటప్పుడు బైఫోకల్ గీత సరిగ్గా మెట్టు అంచు మీదికి వస్తుంది. ఉపవాసం ఉంటానంటే షుగరు బిళ్ళ సంగతి ముందురోజే డాక్టరుని అడగండి. నీళ్ళసీసా, మడత కుర్చీ తీసుకెళ్ళండి. కుర్చీ లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. వృద్ధుల వరస విడిగా ఉంటే మొహమాటపడకుండా అందులోనే నిలబెట్టండి.